షేర్డ్ డ్రైవ్‌లోకి పెళ్లి వీడియో కాపీ కావట్లేదు

దిల్‌సుఖ్‌నగర్_స్టూడియో:
అన్నా, మా స్టూడియోలో నాలుగు సిస్టమ్‌లున్నాయి. రౌటర్‌కి ఒక పాత యూఎస్‌బీ హార్డ్ డిస్క్ తగిలించి అందరం దాన్నే షేర్డ్ డ్రైవ్‌గా వాడుతున్నాం. ఫొటోలు ఎన్ని వేలున్నా వెళ్తున్నాయి. తలంబ్రాల వీడియో దగ్గరే ఆగిపోతోంది. డిస్క్‌లో 600 జీబీ ఖాళీ ఉంది. ఎల్లుండి డెలివరీ, చాలా టెన్షన్‌గా ఉంది.

అమీర్‌పేట_నెట్‌వర్క్:
ఆ వీడియో సైజెంత? డ్రైవ్ ప్రాపర్టీస్‌లో ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) దగ్గర ఏముందో చూసి చెప్పండి.

దిల్‌సుఖ్‌నగర్_స్టూడియో:
7.2 జీబీ. ఫ్యాట్32 అని ఉంది.

అమీర్‌పేట_నెట్‌వర్క్:
దొరికింది. ఫ్యాట్32లో ఒక్కో ఫైల్ 4 జీబీ లోపే ఉండాలి, ఎంత ఖాళీ ఉన్నా అంతే. డిస్క్‌లో ఉన్నదంతా వేరేచోట దాచుకుని ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌లోకి ఫార్మాట్ చేయండి. ముందు మీ రౌటర్ ఎన్‌టీఎఫ్‌ఎస్ చదువుతుందో లేదో చూసుకోండి. ఈలోపు ఏదో ఒక సిస్టమ్‌లోనే ఫోల్డర్ షేర్ చేసి పని కానిచ్చేయండి.

కూకట్‌పల్లి_ఆడిట్:
మా ఆఫీసులో ఇంకో రకం. కాపీ ఆగదు కానీ సెకనుకు 11 ఎంబీ దాటదు. నెల రోజులు సర్వర్‌నే అనుమానించాం. చివరికి చూస్తే నెట్‌వర్క్ స్టేటస్‌లో స్పీడ్ 100 ఎంబీపీఎస్ అని ఉంది. అది మెగాబిట్ల లెక్క, ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 12 ఎంబీ చిల్లరే. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) నడవాలంటే కేబుల్‌లోని ఎనిమిది తీగలూ పనిచేయాలి, వందకైతే నాలుగు చాలు. కుర్చీ చక్రం కింద నలిగి ఒక తీగ తెగిపోయింది, లింకు మాత్రం వందకు దిగి నడుస్తూనే ఉంది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో కొత్త కేబుల్ కొని వేస్తే 105 దాకా వస్తోంది. స్పీడ్ సరిగ్గా 11 దగ్గరే నిలిచిపోతే ముందు వైరు మార్చి చూడండి, దయచేసి.

ఉప్పల్_డిజైన్:
ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టి పొడుగు పేర్లు ఇచ్చినా కాపీ కాదు. విండోస్‌లో మామూలుగా దారి మొత్తం (డ్రైవ్, ఫోల్డర్లు, ఫైల్ పేరు కలిపి) 260 అక్షరాల లోపు ఉండాలి. పేర్లు కుదిస్తే మాకు సరిపోయింది.

అమీర్‌పేట_నెట్‌వర్క్:
పెద్ద ఫైళ్లకు రోబోకాపీ వాడండి, విండోస్‌తోనే వచ్చే కాపీ కమాండ్ అది. జెడ్ (/Z) ఆప్షన్ ఇస్తే మధ్యలో లింకు తెగినా ఆగినచోటి నుంచే మళ్లీ అందుకుంటుంది. ఆర్ (/R, ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలో) దగ్గర 3, డబ్ల్యూ (/W, మధ్యలో ఎన్ని సెకన్లు ఆగాలో) దగ్గర 5 ఇవ్వడం మరవద్దు. ఇవ్వకపోతే కాపీ కాని ఒక్క ఫైల్ కోసం 30 సెకన్లకోసారి పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. ఇంకో మాట, కట్ చేసి పేస్ట్ చేయకండి. కాపీనే చేయండి. అవతల వీడియో చివరిదాకా ఆడుతుందో లేదో చూసుకున్నాకే ఇవతలిది తీసేయండి. పెళ్లి మళ్లీ షూట్ చేయలేం కదా.

దిల్‌సుఖ్‌నగర్_స్టూడియో:
ఎడిటింగ్ సిస్టమ్‌లో ఫోల్డర్ షేర్ చేశాను, 7.2 జీబీ మొత్తం వెళ్లింది. ఇప్పుడే ప్లే చేసి చూస్తున్నాం, అప్పగింతల దాకా వచ్చింది. డిస్క్ ఫార్మాట్ ఆదివారం చేస్తాను. చాలా థ్యాంక్స్ అన్నా.