ప్లాన్‌లో లేని బిల్డింగ్ ఇస్తానంటే తీసుకోవాలా వద్దా?

పుస్తకపిచ్చి: మాది వాలంటీర్లు నడిపే చిన్న లైబ్రరీ. ఆర్నెల్లు కూర్చుని మూడేళ్ల ప్లాన్ రాసుకున్నాం. సాయంత్రం ఇంకో రెండు గంటలు తెరవాలి, జీతమిచ్చి ఇంకో లైబ్రేరియన్‌ని పెట్టుకోవాలి, పిల్లల పుస్తకాలు పెంచాలి, అంతే. ఇప్పుడొక పెద్దాయన వాళ్లమ్మగారి పేరు మీద పెద్ద హాలు కట్టిస్తానంటున్నారు. కట్టడానికే ఇస్తారట, నడపడానికి ఇవ్వరట. కమిటీ రెండుగా చీలిపోయింది. మీరైతే ఏం చేస్తారు?

సూటిమాట: వచ్చే లక్ష్మిని కాలదన్నుకోకండి. ప్లాన్ మీరు రాసుకున్న కాగితమేగా, మీరే మార్చుకోవచ్చు. హాలు లేస్తే దాన్ని చూసి ఇంకో నలుగురు ముందుకొస్తారు. జీతాలకి చందా ఇవ్వండి అని అడిగి చూడండి, ఎంతమంది ఫోనెత్తుతారో.

పాతలెక్కలు: సూటిమాట గారూ, తెల్ల ఏనుగుని తెచ్చి కట్టేసుకున్నాక మేత ఎవరు పెడతారండీ? అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ సంగతే తీసుకోండి, 1883లో మొదటి లైబ్రరీ తెరిచాక మొత్తం 2,509 లైబ్రరీలకి డబ్బిచ్చాడు, ఆయనకేం తక్కువ, అయినా అమెరికాలో ఊరికే ఇచ్చెయ్యలేదు, స్థలం మీరు చూపించండి, నేనిచ్చేదాంట్లో 10 శాతం ఏటా నడపడానికి మీరు ఖర్చు పెడతామని మాటివ్వండి అన్నాడు. అది మోయలేమని వద్దన్న ఊళ్లు కూడా ఉన్నాయి. ఇప్పుడు మీ లెక్క చూద్దాం. ఆ 10 శాతం కార్పస్ ఫండ్ నుంచి, అంటే కదపకుండా దాచి దాని మీద వచ్చే ఆదాయం మాత్రమే వాడుకునే మూలనిధి నుంచి రావాలంటే, ఆ మూలనిధి తరగకుండా ఏటా 4, 5 శాతం మించి తియ్యలేం కాబట్టి, బిల్డింగ్ ఖర్చుకి రెండు, రెండున్నర రెట్లు కార్పస్ కావాలి. ఆ మాట దాతతో ఎవరైనా అన్నారా?

సూటిమాట: అది వందేళ్ల కిందటి లెక్క బాబూ. ఇన్ని కండిషన్లు పెడితే ఆయన ఇంకో చోటికి పోతాడు.

ఖాతాపుస్తకం: ఇంకోటి ఎవరూ అనట్లేదు. హాలుకని ఇచ్చింది హాలుకే వాడాలి. ఒకసారి మా సంస్థలో బ్యాంకులో డబ్బు నిండుగా ఉండి కూడా మూడు నెలలు జీతాలివ్వలేకపోయాం, ఎందుకంటే అదంతా వేరే పనికని వచ్చిన డబ్బు. బయటవాళ్లకి చెప్తే నమ్మలేదు.

పుస్తకపిచ్చి: నిన్న ఆయన్ని కలిశాం. ప్లాన్ మొత్తం కాకుండా ఒక్క పేజీ పట్టుకెళ్లాం. సాయంత్రం మేం తలుపేసేసరికి ఇంకా చదువుకుంటూ ఉండే పిల్లల్ని ఏడాదిగా లెక్క రాస్తున్నాం, అది చూపించాం. "నాకెవరూ చెప్పలేదే, మీకు హాలే కావాలేమో అనుకున్నా" అన్నారు. మళ్లీ ఆయనే, "జీతం మీద పేరు ఎక్కడ రాయిస్తారు?" అనడిగారు. మాకు నోట మాట రాలేదు. చివరికి మా కమిటీలో ఒకావిడ, ఆ రెండు గంటలకే అమ్మగారి పేరు పెడదాం, తలుపు మీద టైమింగ్స్ పక్కనే రాయిద్దాం అన్నారు. వారంలో చెప్తానన్నారు.

సూటిమాట: వారం అన్నారంటే హాలూ పోయింది, జీతమూ పోయింది, రాసిపెట్టుకోండి. కానీ టైమింగ్స్ పక్కన పేరు ఐడియా మాత్రం బావుంది, మేమూ వాడుకుంటాం.