రెండు వేల రూపాయల్లో వేసవి తిరుగుడు: శ్రీకాకుళం చుట్టుపక్కల ఎటు వెళ్లొచ్చు? (ఆన్‌లైన్ చర్చ, రాసినవాళ్లవి మారుపేర్లు)

ఏడురోడ్ల జంక్షన్:
ఈ సెలవులకు ఊటీ అనుకున్నాం, ఖర్చు చూసి మానేశాం. మేం నలుగురం, మా అత్తగారితో ఐదుగురం. పాత కారు ఉంది. రాత్రి బస లేకుండా, రెండు వేలు దాటకుండా తిరిగి రావాలి. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఎండలంటేనే నాకు టెన్షన్. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

వంశధార ఒడ్డు:
అక్కా, పోయిన మేలో మేం అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం ఒకే రోజు చూశాం. రానూపోనూ వంద కిలోమీటర్లు దాటలేదు. కానీ వరస తప్పింది. ముందు గుళ్లు చూసుకుని శాలిహుండం కొండ దగ్గరకు వెళ్లేసరికి పదకొండు. పైన బౌద్ధ స్తూపాలు, చైత్యాలు అన్నీ ఆరుబయటే. నీడ లేదు. మా నాన్నగారికి సగం మెట్లలోనే కళ్లు తిరిగాయి, దింపేసి తీసుకొచ్చేశాం. ఆ రోజు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

అందుకే మీరు తిరగేసి వెళ్లండి. తెల్లారగట్ల బయల్దేరి ముందు శాలిహుండం. పైనుంచి వంశధార ఎంత బాగా కనిపిస్తుందో! అత్తగారిని కింద కూర్చోబెట్టండి. ఎనిమిదికల్లా కళింగపట్నం, అక్కడే టిఫిన్. పది లోపు శ్రీకూర్మం. స్వామి అక్కడ పడమటి ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. మండపం గోడల మీద పాత రంగుల బొమ్మలున్నాయి, వదలకండి. పిల్లలు మాత్రం నక్షత్ర తాబేళ్ల దగ్గర్నుంచి కదలరు. అరసవల్లి ఊళ్లోదే కాబట్టి సాయంత్రానికి ఉంచుకోండి. సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకేది మార్చిలో, అక్టోబరులో. పిల్లలకు ఆ మాట ముందే చెప్పండి, మా వాడు ఇప్పుడే చూపించమని పేచీ పెట్టాడు.

కళింగపట్నంలో ఒక్క జాగ్రత్త. ఏరు సముద్రంలో కలిసే చోట నీళ్లు పైకి నెమ్మదిగానే ఉంటాయి, లోపల లాగేస్తాయి. పిల్లల్ని అటు వెళ్లనివ్వొద్దు.

గంటస్తంభం:
మాది విజయనగరం. మేం ఏటా తాటిపూడి వెళ్తాం. గోస్తనీ నది మీద జలాశయం, చుట్టూ కొండలు. పులిహోర, పెరుగన్నం కట్టుకుని చెట్టు కింద కూర్చుంటే పూట గడిచిపోతుంది. బయట కొనేది ముంజెలు మాత్రమే. వచ్చేటప్పుడు భీమాళి మామిడి తాండ్ర తెచ్చుకోవాలంటే ఇంకొంచెం పెట్రోలు అవుతుంది, నాకైతే ఆ ఖర్చు ఖర్చు కాదు.

పాత కారు అన్నారు కదా. నిరుడు మధ్యాహ్నం రెండింటికి హైవే మీద మా టైరు పేలింది. అరిగిన టైరు అని తెలిసే వెళ్లాను, తప్పు నాదే. పిల్లల్ని ఎండలో గంటసేపు నిలబెట్టాను. బయల్దేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించండి. స్టెప్నీలో కూడా. ఇంజను వేడెక్కితే రేడియేటరు మూత వెంటనే తీయకండి, వేడినీళ్లు మొహం మీదకు చిమ్ముతాయి.

టెక్కలి పిల్ల:
మేలో పక్షులు చూద్దామని తేలినీలాపురం మాత్రం వెళ్లొద్దండి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చలికాలంలో ఉంటాయి, ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయి. మా చెల్లి పిల్లలు ఖాళీ చెట్లు చూసి వచ్చారు. డిసెంబరులో రండి, ఒక్కో చెట్టు నిండా గూళ్లే.

ఉద్దానం కొబ్బరి:
నీడ కావాలంటే మా వైపు రండమ్మా. సోంపేట దాటి బారువ తీరం, దారంతా కొబ్బరి, జీడి తోటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా చెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. మళ్లీ మొక్క నాటుకుని, నీళ్లు మోసి పెంచుకున్నాం. తోటలో కూర్చోవాలంటే ఒక్క మాట అడగండి, ఎవరూ కాదనరు. చాప కూడా ఇస్తారు. ప్లాస్టిక్ మాత్రం వదిలి వెళ్లకండి, పశువులు తింటున్నాయి. బొండాలు తోట దగ్గరే కొనండి, రైతు చేతికి నాలుగు డబ్బులు వస్తాయి.

ఏడురోడ్ల జంక్షన్:
ఆదివారం వెళ్లొచ్చాం! వంశధార గారు చెప్పిన వరసలోనే. ఐదింటికి బయల్దేరి పన్నెండు లోపు ఇంట్లో ఉన్నాం. పెట్రోలు 650, బొండాలు, ముంజెలు కలిపి 320, గుళ్లలో 200. ఇడ్లీ, చోడి (రాగి) అంబలి ఇంటి నుంచే. శ్రీకూర్మం ఆవరణలో రాళ్లు పదింటికే కాలుతున్నాయి, అత్తగారిని గోడవార నీడలో నడిపించాను.

ఇన్నేళ్లు ఇక్కడే ఉండి ఆవిడ కళింగపట్నం చూడడం ఇదే మొదటిసారట. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని మోకాలి లోతు నీళ్లలో అరగంట నిలబడ్డారు, నొప్పి మాటే ఎత్తలేదు. వచ్చే వారం బారువ వెళదామని ఆవిడే అంటున్నారు. ఉద్దానం గారూ, కారు తోట దాకా వస్తుందా? లేక ఆవిడ నడవాల్సి ఉంటుందా?

ఉద్దానం కొబ్బరి:
వస్తుందమ్మా. మా గట్టు దాకా కారు వస్తుంది. మడత కుర్చీ నేను తెచ్చి ఉంచుతాను.