ఆడవాళ్ళని నేలతో పోల్చడం పొగడ్తా, కట్టెయ్యడమా? (ఇరాన్ కవయిత్రుల సంగతి)

సీమపిల్ల:
ఈ మధ్య వరసగా ఇరాన్ కవిత్వం చదువుతున్నా, ఒక డౌట్. "భూదేవంత ఓర్పు" అని సర్టిఫికెట్ ఇచ్చి నోరు మూయించడం మనకి అలవాటే కదా, అక్కడా తేడా లేదు, 1905-11 రాజ్యాంగ విప్లవం రోజుల్లో కవులు దేశాన్ని జబ్బుపడిన తల్లిని చేసి కొడుకుల్లారా కాపాడండి అని ఏడ్చారు. మరి కవయిత్రి ఫొరూగ్ ఫరోఖ్‌జాద్ కూడా 1964లో వచ్చిన 'మరో పుట్టుక' అనే కవితల పుస్తకంలో నా చేతుల్ని తోటలో నాటుకుంటా, పచ్చగా మొలుస్తా అంటుంది. ఇదీ ఆ పాత ట్రాపే కదా?

గోదారిగట్టు:
కాదండీ, నాటేదెవరో చూడండి. తనని తనే నాటుకుంటోంది. సిరా అంటిన ఆ వేళ్ళ సందుల్లో స్వాలో అనే చిన్న పిట్టలు గుడ్లు పెడతాయట, అంటే రాసే చెయ్యి అది. విడాకులయ్యాక కొడుకుని కూడా దక్కనివ్వలేదు ఆవిడకి, అలాంటి మనిషి తల్లీ నేలా ఒకటే అని మురిసిపోతుందా?

ఓరుగల్లోడు:
గది సరే గని, ఫొరూగ్ రాసిందే, తోట మీద జాలిపడే ఇంకో పద్యం సంగతేంది? తోట సస్తాంటే నాయిన నా పెన్షన్ నాకు చాలంటడు, అమ్మ నమాజు చాప మీద కూసొని పాపాలు ఎతుకుతది, తమ్ముడేమో అది శ్మశానం అంటడు, సెల్లె ఊరికి అవుతల నకిలీ చేపల మధ్య కాపురం పెట్టింది, పక్కింటోళ్ళు పూలజాగల బాంబులు, మిషన్‌గన్లు నాటుతుండ్రు. అమ్మా సెల్లే గూడ తోటను వదిలిండ్రు గద, ఇగ ఆడోళ్ళకు నేలకు సుట్టరికం ఏడుంది? నా లెక్కల గది దేశం మీద పద్యం, ఆడ మగ లొల్లే కాదు.

సీమపిల్ల:
పాయింటే అన్నా. కానీ తోటని ఆస్పత్రికి తీసుకెళ్ళొచ్చేమో అని ఆలోచించేది ఆ మాట్లాడే అమ్మాయొక్కతే. చాకిరీ మళ్ళీ ఆమె నెత్తినే.

పాతపుస్తకాలు:
ఫొరూగ్‌తో మొదలైంది కాదిది. జొరాస్ట్రియన్లకి (ఇస్లాం కంటే ముందున్న ఇరాన్ మతంవాళ్ళు) నేలని కాచేది స్పందర్‌మద్ అనే ఆడదేవత, ఇరాన్ కేలండర్లో ఇస్ఫంద్ నెల పేరు ఆవిడదే. ఎన్నో వందల ఏళ్ళ ఊహని ఒక్క పుస్తకంతో వదిలించుకోమంటే ఎలా?

గోదారిగట్టు:
వదిలించుకోవాలని ఎవరన్నారు, తిరగేస్తే చాలు. ఇంకో ఇరాన్ కవయిత్రి సిమిన్ బెహ్బహానీ చేసిందదే. 1979 విప్లవం తర్వాత, ఇరాక్‌తో యుద్ధం నడుస్తుండగా, దేశమా నిన్ను మళ్ళీ కడతా, నా ఎముకలే స్తంభాలుగా నిలబెట్టైనా సరే అని రాసింది. అక్కడ నేల కూలిపోయిన ఇల్లు, ఆడమనిషి తాపీమేస్త్రి.

ఓరుగల్లోడు:
ఎముకలిచ్చుడు గూడ త్యాగమే గద అక్కా, మల్ల ఆడికే వచ్చినం.

గోదారిగట్టు:
త్యాగం దగ్గరే ఆగిపోతే మీరన్నదే కరెక్ట్ తమ్ముడూ. పద్యం మొత్తం చదువు, చచ్చి వందేళ్ళయినా సమాధిలో లేచి నిలబడి అహ్రిమన్ (జొరాస్ట్రియన్ల నమ్మకంలో దుష్టశక్తి) గుండె చీలుస్తానంటుంది. ఓర్పుగల భూదేవి అనే మాటలా ఉందా ఇది?

సీమపిల్ల:
సిమిన్‌ది ఒప్పుకుంటా. ఫొరూగ్ తోట దగ్గర మాత్రం నా డౌట్ అలాగే ఉంది.