టోక్యోలో అమ్మతో, పాపతో ఉండటానికి ఏ ఏరియా మంచిది?

కేఆర్‌పురం_ఒంగోలు:

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు, ఉండేది బెంగళూరు కె.ఆర్.పురంలో. పాప సెలవుల్లో టోక్యో వెళ్దామనుకుంటున్నాం. ఏప్రిల్ 28న వెళ్లి మే 5న రావాలని ప్లాన్. నేను, మా ఆవిడ, ఏడేళ్ల పాప, మా అమ్మ. ఇక్కడి నుంచి టోక్యో దగ్గరి నరిటా విమానాశ్రయానికి నేరుగా విమానం ఉంది కాబట్టి అందులోనే వెళ్తాం. ఏడు రాత్రులూ ఒకే చోట ఉండి, అక్కడి నుంచే తిరగాలి.

చిక్కు ఏరియా దగ్గరే వచ్చింది. ఆఫీసులో ఎవరినడిగినా షింజుకు అంటున్నారు. అమ్మకి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఇక్కడ మెజెస్టిక్ మెట్రో స్టేషన్‌లో పర్పుల్ లైన్ నుంచి గ్రీన్ లైన్‌కి మారేలోపు రెండుసార్లు ఆగుతుంది. గుడ్డు కూడా ముట్టదు. నాన్న పోయాక అమ్మ ఇంత దూరం కదలడం ఇదే మొదలు. ఆమెను గదిలో కూర్చోబెట్టి మేం ఊరు చూసి రావడం నాకు ఇష్టం లేదు. షింజుకు, ఉఎనో, అసకుసా, ఈ మూడింట్లో ఏది తీసుకోమంటారు? ఇంకేదైనా ఉన్నా చెప్పండి.

హెబ్బాళ_నుంచి:

నా ఓటు షింజుకుకే అన్నా. ఫుజి పర్వతం వైపు వెళ్లే బస్సులు అక్కడ ఎక్కొచ్చు, కొండ ఊరు హకోనె వెళ్లే రొమాన్స్‌కార్ రైలూ అక్కడి నుంచే. ప్రభుత్వ కార్యాలయ భవనం పైనుంచి, 202 మీటర్ల ఎత్తులో, ఊరంతా ఉచితంగా చూడొచ్చు. రాత్రి ఎంత ఆలస్యమైనా తినడానికి ఏదో ఒకటి తెరిచి ఉంటుంది. కాకపోతే నేను ఒక్కడినే వెళ్లాను, వీపున ఒక బ్యాగు తప్ప సామాను లేదు.

బెళ్లందూరు_కోడలు:

పైన తమ్ముడు చెప్పినవన్నీ నిజమే. కానీ మీ అమ్మగారి మోకాళ్ల సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. రెండేళ్ల కిందట మా అత్తయ్యను తీసుకెళ్లి మేం చేసిన పొరపాటు మీరు చేయకండి.

మేం మొదటి మూడు రాత్రులు షింజుకులోనే బుక్ చేశాం. హోటల్ పేజీలో ‘స్టేషన్ నుంచి 5 నిమిషాలు’ అని ఉంది. అయితే ఏ ఎగ్జిట్ నుంచి? ఆ స్టేషన్‌కి ఎగ్జిట్లు దాదాపు 200. మేం రైలు దిగిన ప్లాట్‌ఫాం నుంచి సరైన ఎగ్జిట్‌కి చేరడానికే పావుగంట దాటింది. లిఫ్ట్ ఎక్కడుందో తెలియక రెండు చోట్ల మెట్లు ఎక్కించాం ఆవిడ చేత. ఇంకో సంగతి, జపాన్‌లో ఇళ్ల ప్రకటనల్లో నడకను నిమిషానికి 80 మీటర్ల చొప్పున లెక్కకడతారు, సిగ్నల్ దగ్గర ఆగే సమయం అందులో కలవదు. హోటల్ వాళ్లు రాసే నిమిషాలు కూడా అలాంటి చురుకైన నడకవే అనుకోండి. మీ అమ్మగారికి దాన్ని రెండింతలు చేసుకోండి.

రెండో రోజు సాయంత్రం అత్తయ్య ‘మీరు వెళ్లి రండమ్మా, నేను గదిలో పడుకుంటా’ అన్నారు. కాళ్ల నొప్పి కంటే, మమ్మల్ని ఆపేస్తున్నానన్న దిగులే ఆ గొంతులో ఎక్కువ వినిపించింది. ఆ రాత్రే మిగతా రోజులకు ఉఎనో దగ్గర ఒకచిమాచిలో గది వెతికాను.

అక్కడికి మారాక ప్రయాణమే వేరేలా అయిపోయింది. ఒకచిమాచి యమనోతె లైన్ మీద ఉంటుంది. అది ఊరి చుట్టూ తిరిగే రైలు, 30 స్టేషన్లు, ఒక చుట్టుకు సుమారు గంట. షిబుయా, షింజుకు, టోక్యో స్టేషన్ అన్నీ దాని మీదే కాబట్టి రైలు మారే పని తక్కువ. నరిటా నుంచి స్కైలైనర్ రైలు ఎక్కితే ముప్పావు గంటలో ఉఎనోలో దింపుతుంది. సీట్లకు నంబర్లుంటాయి, పెట్టెలు పెట్టుకునే చోటుంది. కాకపోతే స్కైలైనర్ ఆగే కెయిసెయ్ ఉఎనో, జేఆర్ (జపాన్ రైల్వే) ఉఎనో వేర్వేరు స్టేషన్లు. సామానుతో నడవకుండా హోటల్ దాకా టాక్సీ తీసుకోండి, దగ్గరే.

ఉఎనో పార్కులో షినొబజు అనే చెరువుంది. దాని మధ్యలో బెంజైతెన్ గుడి. బెంజైతెన్ అంటే మన సరస్వతీ దేవే, బౌద్ధంతో పాటు అక్కడికి చేరింది. ఆ మాట చెప్పగానే అత్తయ్య చెప్పులు విప్పబోయారు. తర్వాత రోజూ పొద్దున ఆవిడను అక్కడ బెంచీ మీద కూర్చోబెట్టి, నేనో మావారో పక్కనే ఉండేవాళ్లం, ఇంకొకరు బాబును జూకి తీసుకెళ్లేవాళ్లు. జపాన్‌లో మొదటి జూ అదే, 1882లో పెట్టారు. పది నిమిషాల దూరంలో అందరం ఎవరికి నచ్చిన చోట వాళ్లం ఉన్నాం. మీరు గదిలో కూర్చోబెట్టనన్నారు చూడండి, దానికి నాకు తెలిసిన దారి ఇదే.

తిండి సంగతి కూడా చెప్తాను. అక్కడ కూరగాయల సూప్‌లోనూ, మిసో సూప్‌లోనూ ఎక్కువగా చేపతో తీసిన దాషి అనే రసం ఉంటుంది, కంటికి కనపడదు. ఒకచిమాచి నగల వ్యాపారం జరిగే చోటు, మన దేశం నుంచి వెళ్లిన రత్నాల వ్యాపారులు చాలామంది ఉన్నారు, అందుకే శాకాహార హోటళ్లు దొరుకుతాయి. పేరులోనే ఆంధ్ర ఉన్న హోటల్ ఒకటి కూడా ఉందక్కడ. అక్కడికి మారిన మూడో రోజు అత్తయ్య చారు అన్నం తిని గంటసేపు నిద్రపోయారు.

అసకుసా కూడా మంచిదే, సెన్సోజి గుడి పొద్దున్నే జనం లేనప్పుడు చూస్తే మనసు నిండుతుంది. కానీ అది యమనోతె మీద లేదు. పైగా అసకుసా పేరుతో వేర్వేరు కంపెనీల స్టేషన్లు నాలుగున్నాయి, వాటిలో ఒకటి మిగతావాటికి అర కిలోమీటరు పైనే దూరం. ఉఎనో నుంచి గింజా మెట్రో లైన్‌లో ఐదు నిమిషాలే కాబట్టి ఒక పూట వెళ్లి రండి.

మీ తేదీలు మాత్రం మార్చుకోండి. ఏప్రిల్ 29, మే 3, 4, 5 అక్కడ సెలవులు. దేశమంతా బయల్దేరుతుంది, గదుల ధరలు పెరుగుతాయి, లిఫ్టుల దగ్గరా క్యూలే.

నిషికసాయ్_మాజీ:

అన్నా, నేను ఆన్‌సైట్ మీద నిషి కసాయ్‌లో మూడేళ్లు ఉన్నాను. 2000 ముందు వైటూకే (కంప్యూటర్లలో 2000 సంవత్సరం తేదీ సమస్య) పనికి వచ్చిన మన ఇంజనీర్లతో మొదలై అదొక చిన్న ఇండియా అయింది. కందిపప్పు, చింతపండు, ఇడ్లీ రవ్వ అన్నీ దొరుకుతాయి, గదులూ కాస్త చవక. అందుకని చాలామంది చుట్టాలను అక్కడ దింపమంటారు. వారం రోజుల ప్రయాణానికి నేను మాత్రం వద్దంటాను. టోజాయ్ లైన్ పొద్దున పూట భయంకరమైన రద్దీ. 2019లో కిబా స్టేషన్ దగ్గర రైలు సామర్థ్యానికి 199 శాతం జనం అని లెక్క తేలింది, నిషి కసాయ్ నుంచి ఊళ్లోకి వెళ్లాలంటే ఆ ముక్క దాటాల్సిందే. అమ్మతో పొద్దున తొమ్మిదిన్నర లోపు ఆ రైలు ఎక్కొద్దు. డిస్నీల్యాండ్ ఆ వైపే కాబట్టి, పాప కోసం వెళ్లే రోజు సాయంత్రం అక్కడ దిగి సరుకులు కొనుక్కోండి.

కేఆర్‌పురం_ఒంగోలు:

బెళ్లందూరు అక్కా, మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. సరస్వతి గుడి మాట వినగానే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. తేదీలు మే రెండో వారానికి మారుస్తున్నాం, ఏరియా ఉఎనో, ఒకచిమాచి మధ్యలో చూస్తాం. మామూలు హోటల్లో రెండు గదులు తీసుకోమంటారా, వంటగది ఉన్న ఒకటే పెద్ద గదా? బియ్యం ఇక్కడి నుంచి పట్టుకెళ్లొచ్చా?

బెళ్లందూరు_కోడలు:

ఒకటే పెద్ద గది తీసుకోండి. బిజినెస్ హోటల్ గది 12, 13 చదరపు మీటర్లుంటుంది, రెండు పెట్టెలు తెరిస్తే నడవడానికి చోటుండదు. కుటుంబాల కోసం వంటగది, డైనింగ్ టేబుల్‌తో కట్టిన అపార్ట్‌మెంట్ హోటళ్లు ఉఎనో చుట్టూ ఉన్నాయి, మిమారు అలాంటిదే. ఇంకో కారణం, టోక్యో మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ తొమ్మిదింటికి హోటల్ టిఫిన్ ముగిసేసరికి పాప ఒంటికి ఇంకా తెల్లవారుజాము ఐదున్నరే. మొదటి రెండు రోజులు మాకు టిఫిన్ అందనే లేదు.

బియ్యం సర్టిఫికెట్ లేకుండా తీసుకెళ్లకూడదు. పండ్లు, పచ్చి కరివేపాకు అసలు పెట్టుకోకండి. కందిపొడి, పచ్చడి పెట్టుకోండి. అన్నం ప్యాకెట్లు అక్కడ సూపర్ మార్కెట్లో ఉంటాయి, మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు.

బుక్ చేసేటప్పుడు ఫొటోలు జాగ్రత్తగా చూడండి. కొన్ని గదుల్లో నేల మీద తటామీ చాపలు పరిచి, వాటి మీద పరుపు వేస్తారు. నేల మీది నుంచి లేవడం ఆవిడకు నరకం. మంచం ఉన్నదే తీసుకోండి.