మాట రాని బాబుకు బొమ్మలతో పలికే ట్యాబ్: తెలుగులో పెట్టాలా, ఒడియాలో పెట్టాలా?

ప్రశ్న (పర్లాకిమిడి, ఒక తల్లి)

మా బాబుకు ఆరేళ్లు, ఆటిజం ఉంది. దాహం వేస్తే నా మణికట్టు పట్టుకుని బిందె దగ్గరికి లాక్కెళ్లి, నా చేతిని మూత మీద పెడతాడే తప్ప నోట మాట రాదు. బొమ్మను తాకితే మాట పలికే ఆప్ వాడమని స్పీచ్ థెరపిస్టు గారు చెప్పారు. మా ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా; ఏ భాషతో మొదలుపెట్టాలి? ట్యాబ్ మాట్లాడితే వాడిక నోరు విప్పడని మా అత్తగారు బెంగ పడుతున్నారు. అది నిజమేనా?

జవాబు (బరంపురం, ప్రత్యేక ఉపాధ్యాయురాలు)

అమ్మా, ఆ బెంగ చాలా ఇళ్లలో ఉన్నదే, కానీ పరిశోధనలో దానికి ఆధారం కనిపించలేదు. ఎదుగుదల లోపాలున్న వారిపై జరిగిన అధ్యయనాలను మిల్లర్, లైట్, ష్లోసర్ అనే పరిశోధకులు 2006లో సమీక్షించినప్పుడు, గట్టి ఆధారం ఉన్న 27 మందిలో ఒక్కరికీ మాట తగ్గలేదు, 89 శాతం మందికి ఎంతో కొంత పెరిగింది. ఆ పెరుగుదల స్వల్పమే కనుక, మాటలు వచ్చేస్తాయన్న ఆశతో కాక, మనసులోది ఈరోజే చెప్పుకోగలగాలన్న ఉద్దేశంతో మొదలుపెట్టండి.

భాష విషయానికి వస్తే, ముందు తెలుగే పెట్టండి. మీరు "నీళ్లు కావాలా?" అంటూ నీళ్ల బొమ్మను తాకి చూపిస్తూ, ఆ తర్వాత తొందరపెట్టకుండా వాడి కోసం ఆగుతూ ఉంటేనే బాబు నేర్చుకుంటాడు, రోజంతా ఈ పని చేయవలసింది మీరు కనుక, మీ నోట సహజంగా వచ్చే భాషే అందులో ఉండాలి. ఒడియాను తర్వాత చేర్చినా బొమ్మల స్థానాలు మార్చకండి, ఎందుకంటే వేలికి అలవాటైన చోటు మారితే పిల్లలు తికమకపడతారు.

జవాబు (రాయగడ, ఒక తండ్రి)

తినే వస్తువుల బొమ్మలతో ఆగిపోకండి. 'వద్దు', 'చాలు', 'నొప్పి' మొదటి పేజీలోనే ఉండాలి. పెళ్లింట్లో బాజాలు మోగుతుంటే మా పాప చెవులు మూసుకుని వచ్చి 'చాలు' నొక్కింది, వెంటనే బయటికి తీసుకువెళ్లాము. నొక్కిన మాట చెల్లుతుందని తెలిస్తేనే పిల్లలు మళ్లీ నొక్కుతారు. చెన్నైలో తయారైన ఆవాజ్ వంటి ఆప్‌లో ఇంటివాళ్ల ఫోటోలు కూడా పెట్టుకోవచ్చు. అల్లరి చేశాడని ట్యాబ్ లాక్కోవడం మాత్రం వాడి నోరు నొక్కడమే అవుతుంది. కరెంటు పోయిన వేళకు అవే బొమ్మలను అట్ట మీద అంటించి ఉంచండి.

జవాబు (జయపురం, న్యాయవాది)

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ధ్రువీకరించిన విద్యార్థులకు 18 ఏళ్ల వరకు తగిన సహాయక పరికరాలను ఉచితంగా ఇవ్వాలని 17వ సెక్షన్ చెబుతోంది. ధ్రువపత్రం జతచేసి ప్రధానోపాధ్యాయులకు రాతపూర్వకంగా అడగండి, అందినట్లు నకలుపై సంతకం తీసుకోండి.