పెంజీకటి కవ్వల: ఈ పద్యంలో బిగ్ బ్యాంగ్ ఉందా?

ప్రశ్న: మాస్టారూ, పోతన గారి గజేంద్ర మోక్షం పద్యం పెట్టి, ‘బిగ్ బ్యాంగ్ సంగతి మనవాళ్లు అప్పుడే చెప్పేశారు’ అని రాసిన పోస్టు ఒకటి తిరుగుతోంది. పెంజీకటి అంటే విశ్వం పుట్టకముందున్న స్థితి అట. అన్వయం కుదురుతుందా?

లోకంబులు లోకేశులు
లోకస్తులు తెగిన తుది నలోకంబగు పెం
జీకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్

జవాబు: కుదరదండీ. ఈ పద్యమంటే నాకు ప్రాణం, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ‘తెగిన తుదిన్’ దగ్గర ఒక్క క్షణం ఆగండి. లోకాలూ, వాటిని ఏలేవాళ్లూ, వాటిలో ఉండేవాళ్లూ అందరూ నశించాక, ఆ చివర, లోకమన్నదే లేని పెనుచీకటి. దానికి అవతల ఒకే రూపుతో ఎవడు వెలుగుతాడో వాణ్ణి నేను సేవిస్తాను అంటున్నాడు గజేంద్రుడు. ఇది ప్రళయం మాట. పుట్టుక గురించి అంతకు ముందే ‘ఎవ్వనిచే జనించు జగము’ అని తలుచుకున్నాడు. ఆ రెంటికీ మధ్య పద్యంలో ‘ఒకపరి జగముల వెలి నిడి, యొకపరి లోపలికిఁ గొనుచు’ అని ఉంది. జగత్తుని బయట పెట్టేదీ, లోపలికి తీసుకునేదీ ఒక్కడే. ఏదో ఒక రోజున అంతా మొదలైందన్న లెక్క ఇక్కడ ఎవరూ వేయడం లేదు.

అయితే ఆ పోస్టు రాసినవారికి చీకటిని చూడగానే సృష్టి మొదలు గుర్తుకు రావడం వింతేమీ కాదు. సంస్కృత భాగవతంలో ఇదే చోట ‘తమస్తదాసీద్ గహనం గభీరం’ అని ఉంటుంది. ఆ ‘గహనం గభీరం’ ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తంలోది. అక్కడ అది నిజంగా సృష్టికి ముందటి మాటే: అప్పుడు లేనిదీ లేదు, ఉన్నదీ లేదు, చీకటిని చీకటి కప్పి ఉంది. ఆదిలోని చీకటిని భాగవతం అంతంలో పెట్టింది. పోతన దాన్ని పెను, చీకటి అనే రెండు అచ్చ తెలుగు మాటల్లోకి దింపాడు. నన్ను అడిగితే, ఆ పోస్టు కింద చెప్పుకోవలసింది ఈ ప్రయాణం గురించి.

ఇక సైన్సు వైపు నుంచి చూసినా పొంతన లేదు. దాదాపు 1380 కోట్ల ఏళ్ల కిందట విశ్వం విపరీతమైన వేడితో, సాంద్రతతో ఉందని బిగ్ బ్యాంగ్ సిద్ధాంతం చెబుతుంది. సుమారు 3,80,000 ఏళ్లకు అది చల్లబడి పరమాణువులు ఏర్పడ్డాక కాంతి స్వేచ్ఛగా బయలుదేరింది. ఆ కాంతి అవశేషమే 1965లో పెంజియాస్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు ప్రకటించిన రేడియో సంకేతం. ఇప్పుడు దాని ఉష్ణోగ్రత 2.7 కెల్విన్, అంటే సుమారు మైనస్ 270 డిగ్రీల సెల్సియస్. ఆ మొదట్లో ఉన్నది మండే వేడి, పెంజీకటి కాదు.

ప్రశ్న: అంటే సైన్సు ముందు పద్యం ఓడిపోయినట్టేనా అండీ?

జవాబు: పోటీ ఉంటే కదమ్మా ఓడిపోవడానికి! విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో రాసి, 1931లో బిగ్ బ్యాంగ్ సిద్ధాంతానికి మూలమైన ‘ఆది పరమాణువు’ ఊహను ముందుకు తెచ్చిన జార్జ్ లెమైత్ర్ బెల్జియంలో క్యాథలిక్ ఫాదర్. 1951లో పోప్ పన్నెండో పయస్ ఆ సిద్ధాంతాన్ని సృష్టికర్త ఉన్నాడనడానికి బలంగా చూపిస్తే, లెమైత్ర్‌కు అది నచ్చలేదు. తన సిద్ధాంతం మతానికి సంబంధించిన ప్రశ్నల జోలికి పోదన్నాడు. రోజూ ప్రార్థన చేసే మనిషి ఆ మాట అన్నాడంటే నాకు ఎంతో గౌరవం.

మన గజేంద్రుడు కూడా రుజువులు పోగుచేయడం లేదు. మొసలి కాలు పట్టుకుని లాగుతుంటే మొర పెడుతున్నాడు. పద్యంలో క్రియ ఏది? ‘సేవింతున్’. కాసేపటికే ‘కలఁడు కలఁడనెడివాఁడు కలఁడో లేఁడో’ అని బెంగ పడతాడు. నాసదీయ సూక్తం చివరి మాట కూడా ఇంతే: పైనుండి చూసేవాడికి ఇది తెలుసో, లేక అతనికీ తెలియదో. భక్తుడి నోటే ఇంత పెద్ద సందేహం పలికించిన పద్యాలకు సైన్సు సర్టిఫికెట్ ఎందుకండీ?

ఇంకొకటి, ఆ పోస్టులో ‘లోకస్తులు’ అని పడింది. ‘లోకస్థులుఁ దెగిన’ అని దిద్దమనండి. థ ఒత్తు, అరసున్నా, ఆ తర్వాత ద.