చర్చి సంఘంలో దెబ్బతిన్న మనిషిని ఇంకో సంఘానికి తీసుకెళ్లడం మంచిదేనా?

సుజాత_తెనాలి:
మా పిన్ని కూతురు పదకొండేళ్లు ఒక ప్రార్థనా మందిరానికి వెళ్లింది. కడుపు పోయినప్పుడు అక్కడి పాస్టరు అందరి ముందూ నిలబెట్టి, "దశమభాగం (సంపాదనలో పదోవంతు కానుక) సరిగ్గా ఇవ్వలేదు, అందుకే బిడ్డ దక్కలేదు" అని దాని నోటితోనే చెప్పించాడు. మానేసి ఏడాదిన్నర. ఇప్పటికీ ఆదివారం పొద్దున పక్కవీధిలో కీబోర్డు మొదలైతే కిటికీలు మూసి, తలమీద కొంగు కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంటుంది. పిన్నేమో వేరే మంచి సంఘానికి తీసుకెళ్దాం అంటోంది. నాకు భయంగా ఉంది. ఏం చేయమంటారు?

రత్నం_మాస్టారు:
తీసుకెళ్లమ్మా. తప్పు చేసింది మనిషి, దేవుడు కాదు. ఆ అమ్మాయికి పాటలు, పండగలు, స్నేహాలు అన్నీ సంఘంలోనేగా! అవన్నీ ఒక్కసారే పోతే ఎలా తట్టుకుంటుంది? మా సీఎస్ఐ చర్చికి అలా ఒకామె వచ్చేది. చివరి బెంచీలో కూర్చుని, ఆశీర్వాదం కాకముందే లేచిపోయేది. ఎవరం ఏమీ అడగలేదు. అలాంటి చోటు వెతకండి.

నాగమణి_కె:
మాస్టారూ, మీ చర్చిలో అడగకుండా ఉండటం చాలా గొప్ప విషయం. కానీ ఆవిడ తనంతట తాను వచ్చింది. ఈ అమ్మాయిని తీసుకెళ్దామంటున్నారు. తేడా అక్కడే ఉంది.

నేనూ అలాంటి చోటి నుంచే బయటపడ్డాను. నోరెత్తితే చాలు, పాస్టరును ప్రశ్నించకూడదన్నట్టు "అభిషేకించినవారిని ముట్టకూడదు" అని బైబిల్లోని 105వ కీర్తన చదివేవారు. బయటికొచ్చాక ఆ కీర్తన మొత్తం చదివాను. కొద్దిమందిగా, పరాయి దేశాల్లో తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులను రాజులు బాధపెట్టకుండా దేవుడు అన్న మాట అది. దిక్కులేనివాళ్లకు అడ్డుగా నిలిచిన వాక్యంతోనే మా నోళ్లు మూయించారు! అది తెలిసిన రోజు గంటసేపు ఏడ్చాను. అప్పటిదాకా బైబిలు ముట్టుకుంటేనే చేతులు వణికేవి. నన్ను ఎవరైనా బలవంతంగా లాక్కెళ్లి ఉంటే అది జరిగేది కాదు.

సుజాత గారూ, ముందు ఆమెకు ఒక్క మాట చెప్పండి: బిడ్డ పోవడానికి నువ్వు కారణం కాదు అని. వీలైతే ఆడడాక్టరుతో కూడా చెప్పించండి. ఆ పాస్టరును క్షమించమని మాత్రం ఇప్పుడు అనొద్దు.

శ్రీను_కరీంనగర్:
ఇది చర్చిలకే పరిమితం కాదు. మా అమ్మ ఆశ్రమం మానేశాక "గురుద్రోహం తగులుతుంది" అన్న భయంతో రెండేళ్లు సరిగ్గా నిద్రపోలేదు. 2018లో మైనర్ బాలికపై అత్యాచారం కేసులో జోధ్‌పూర్ కోర్టు ఆశ్రమాల గురువు ఆశారాంకు యావజ్జీవం వేసింది; ఆ బాలిక తల్లిదండ్రులూ ఆయన భక్తులే. నమ్మినవాళ్లకే దెబ్బ గట్టిగా తగులుతుంది. అమ్మకు కౌన్సెలింగ్ చాలా ఉపయోగపడింది. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

రత్నం_మాస్టారు:
నాగమణి గారు చెప్పింది నిజమే, తొందరపడ్డాను. అయినా తలుపు మూసేయకండి. మందను వదిలి తమ కడుపే నింపుకునే కాపరులను బైబిల్లో యెహెజ్కేలు 34వ అధ్యాయంలో దేవుడే నిలదీశాడు. ఎప్పుడైనా ఆమె అడిగితే అది చూపించండి. అడిగితేనే.

సుజాత_తెనాలి:
నిన్న రాత్రి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "డాక్టరమ్మ నిజంగా అలా అంటుందా?" అని అడిగింది. గురువారం వెళ్తున్నాం, పిన్ని కూడా వస్తానంది.